గుండెపోటు దొరల రోగమేనా?

పానగల్ ఉదయసముద్రం కింద వరికోతలైన వారం, మా సంఘం సభ్యుడొకాయన ధాన్యం బస్తా దించుతూ కళ్ళంలోనే కూలబడ్డాడు. యాభై యేళ్ళు నిండలేదు. ప్రాణం దక్కింది. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు, నూనె తగ్గించమన్నాడు, పొద్దున్నే గంటసేపు నడవమన్నాడు. "బస్తాలు మోసెటోన్ని నడువుమంటడేందన్నా? అన్నం తగ్గించి ఏం తినాలె, మన్నా?" అని మమ్మల్నడిగాడు. అందరం నవ్వాం. తర్వాత సిగ్గేసింది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

కష్టం చేసే వొంటికి గుండెపోటు రాదని, అది కూర్చుని తినే దొరల రోగమని చాలాకాలం నమ్మాం. సభల్లో అలాగే చెప్పాం కూడా. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04లో జరిగిన చావులకు కారణాలేమిటో పరిశోధకులు ఆరా తీశారు. నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల చావులు అందులో సగమైనా లేవు. అది డెల్టా, మనది మెట్ట అని తోసేద్దామా? మెట్టతిండి మన పళ్ళెంలో యెక్కడుంది?

వెనక యిక్కడ జొన్నరొట్టె, గటక, తైదంబలి, చెలకలో పండిన కందులు, పెసర్లు. కూలి కూడా జొన్నల్లోనే కొలిచేవారు. పస్తులూ వుండేవి, ఆ రోజుల్ని పొగడబోవడం లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం యెన్నో కడుపులు నింపింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు. మంచిదే. కాని పప్పు, కూరగాయలు అంగట్లో కొనాల్సిందే. చెలకలు పత్తికి పోయాయి. ఆకుకూర తెంపుకునే గట్ల మీద కలుపుమందు కొడుతున్నారు. అందుకే సద్దిగిన్నె నిండా అన్నం, అది గొంతు దిగడానికి వుప్పూకారం, పచ్చడి. ఆ వుప్పే రక్తపోటు పెంచుతుంది. బీడీ సంగతి వేరే చెప్పాలా?

యిక పని. కోత, కట్టలు మొయ్యడం, కళ్ళం, తూర్పార పట్టడం వారాల తరబడి సాగేవి. యిప్పుడు మిషను కోసి పారేస్తుంది. మగవాళ్ళకు మిగిలింది కొద్దిరోజులు నడుం విరిగే బస్తాల మోత. తర్వాత ఆటోలో నల్లగొండ అడ్డాకు పోయి పని కోసం కూర్చోవడం. ఆడవాళ్ళు నాట్లకూ పత్తి యేరడానికీ పొద్దంతా వొంగే వుంటారు. వొళ్ళు హూనమవుతుంది గాని, గుండెకు మేలు చేసే రోజువారీ నడక యిది కాదు. నాళాలు పూడినవాడికి వున్నట్టుండి యెత్తే బరువు మరీ ప్రమాదం. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్ళకు యెముకలు వంగినవాళ్ళను నడవమని యెవరు చెప్పగలరు?

యీ జబ్బు యాభై యేళ్ళప్పుడు మొదలయ్యేది కాదు. హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ 1987-90లో వొక పని చేసింది. 15 పల్లెల్లో గర్భిణీలకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ ఉప్మా అందింది, మిగతా 14 పల్లెల్లో అప్పటికి లేదు. ఆ పిల్లలకు 13-18 యేళ్ళు వచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందిన పల్లెలవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు, వాళ్ళ రక్తనాళాల బిరుసు తక్కువ. వొక గరిటె ఉప్మా! అంగన్‌వాడీ గుడ్డు రాకపోతే పోనీలే అనుకునే మన వాళ్ళు దీన్ని గమనించాలి.

ఛాతీ మీద బరువు, చెయ్యి లాగడం, చల్లచెమట వస్తే గ్యాసని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

రేషన్లో కందిపప్పు యివ్వాలనీ, బస్తా బరువు తగ్గించాలనీ, పని దగ్గరకే వచ్చి బి.పి. చూడాలనీ యీసారి అర్జీ రాశాం. కూలబడిన ఆ సభ్యుడు యిప్పుడు మేకలు కాస్తున్నాడు, వాటి వెంట రోజూ నడుస్తున్నాడు. మాత్రలు అయిపోయినప్పుడల్లా పూట పని పోగొట్టుకొని తెచ్చుకోవలసి వస్తున్నది. నెలకు సరిపడా వొక్కసారే యివ్వాలని అది కూడా అర్జీలో చేర్చాం.