గీత గీయకుండా ఓ అవ్వ

అలిపిరిలో పాదాల మండపం దగ్గర కూర్చుని ఒక్క రాతి స్తంభం బొమ్మ వేయడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మొదటి మూడూ దండగే. అంచులన్నీ పెన్సిల్‌తో పక్కాగా గీసి, లోపల షేడింగ్ నింపేవాణ్ణి. కొలతలు సరిపోయేవి. స్తంభం మాత్రం అట్టముక్క కత్తిరించి నిలబెట్టినట్టు ఉండేది.

తప్పెక్కడో ఆఫీసులో కోడ్ రాస్తుంటే తట్టింది. ఫోటోలో వస్తువుల అంచులు పసిగట్టే పద్ధతి ఒకటుంది, ఎడ్జ్ డిటెక్షన్ అంటాం. బ్లాక్ అండ్ వైట్ ఫోటో అంటే కంప్యూటర్‌కి గీతలు కావు, అంకెలు. ఒక్కో పిక్సెల్‌కి నలుపైతే 0, తెలుపైతే 255, మధ్యలో బూడిద రంగులు. పక్కపక్క అంకెల మధ్య తేడా ఒక్కసారిగా పెరిగితే అక్కడ అంచు ఉన్నట్టు. తేడా లేకపోతే అంచు లేనట్టే. మరి నేను? ఎండ పక్కా నీడ పక్కా ఒకే నల్లగీతతో చుట్టేస్తున్నా!

నాలుగో ఆదివారం పెన్సిల్ ఇంట్లోనే వదిలేసి చార్‌కోల్ తీసుకెళ్లా. ముందు కాగితమంతా బూడిద రంగు వచ్చేలా రుద్దా. కళ్లు సగం మూసి చూడండి, వివరాలన్నీ పోయి మూడే మిగులుతాయి: వెలుగు, మధ్యరకం, చీకటి. చీకటి ఉన్నచోట ఇంకాస్త బొగ్గు, ఎండ తగిలినచోట రబ్బరుతో తుడుపు. ఎండ పక్క అంచు మండపం లోపలి చీకటి మీద కత్తిలా తేలింది. నీడ పక్క అంచు ఆ చీకట్లోనే కలిసిపోయింది. అక్కడ నేనేమీ గీయలేదు. అయినా స్తంభానికి బరువొచ్చింది.

ఇదేం కొత్త కిటుకు కాదు. ఫ్రాన్స్‌లో జార్జ్ సోరా (1859-1891) గరుకు కాగితం మీద నల్లటి క్రేయాన్ రుద్ది, గీతల్లేకుండానే మనుషుల్ని చూపించాడు. కాగితం గుంటల్లో మిగిలిపోయిన తెలుపే ఆయనకు వెలుతురు.

అలాగని గీతను తక్కువ చేస్తే మా వైపు ఊరుకోరు. శ్రీకాళహస్తి కలంకారీకి గీతే ప్రాణం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తారు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన ద్రవం ఆ గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. అక్కడ కథ చెప్పాలి, రాముడెవరో రావణుడెవరో దూరం నుంచే తెలియాలి. ఎండ ఎటు పడుతోందన్న లెక్కతో వాళ్లకు పనిలేదు. నాకు కావాల్సింది ఆ ఎండే.

ఆ రోజే ఇంకో కాగితం తీశా. ఓ అవ్వ మెట్టుమెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతోంది. మొత్తం 3,550 మెట్లు, నాకోసం ఆగుతుందా? వంగిన వీపు మీద వెలుగు ఒక తుడుపు, కింద నీడ ఒక రుద్దుడు. కళ్లూ ముక్కూ పెట్టేలోపే జనంలో కలిసిపోయింది.

ఇంటికెళ్లి చూపిస్తే అమ్మ చాలాసేపు చూసింది.

"ఎవురురా ఈ అవ్వ? పాపం, నడుము పట్టేసినట్టుండాదే" అంది.