కంకర బాటకు ఏ సైకిలు?

సైకిలు మన ఇళ్లకు కొత్త వస్తువు కాదు. పాల క్యాన్లు, గడ్డి మోపులు, కల్లు కుండలు, వెనుక క్యారియరు మీద ఇల్లాలు, ముందు కడ్డీ మీద చంటివాడు... ఇన్నిటినీ మోసిన నల్ల సైకిలు ఒకటి మన పెద్దల జ్ఞాపకాల్లో ఉండనే ఉంటుంది. పోస్ట్‌మేనుకూ, ఊరూరూ తిరిగే పాస్టరు గారికీ అదే వాహనం. 1951లో సోనేపట్‌లో మొదలైన అట్లాస్, 1956లో లుధియానాలో మొదలైన హీరో ఆ రోజుల్లో ఏ వీధిలో చూసినా కనిపించేవి. ఆ అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, మూతపడింది. ఒక కాలం ముగిసిందనుకున్నాం. కాని సైకిలు పోలేదు సుమండీ! వేరే రూపంలో, వేరే ధరతో మళ్లీ మన గడప ముందుకు వచ్చింది.

ఈ కొత్త రూపానికి గ్రావెల్ సైకిలు అని పేరు. గ్రావెల్ అంటే కంకర. పందెపు సైకిలు వలె కిందికి వంగిన హ్యాండిలు ఉంటుంది గాని, టైర్లు మాత్రం దానికంటె బాగా లావు. తారు రోడ్డు మీద వేగంగా పోతుంది, మట్టి బాటలోకి దిగినా ఆగదు. అమెరికాలో కాన్సాస్, అయోవా వంటి వ్యవసాయ ప్రాంతాల్లో మైళ్ల కొద్దీ కంకర రోడ్లున్నాయి. 2006లో కాన్సాస్‌లోని ఎంపోరియా పట్టణం నుండి అటువంటి రోడ్ల మీద 200 మైళ్ల పోటీ మొదలైంది. 2022లో ఇటలీలో ఈ సైకిళ్లకు మొదటి ప్రపంచ పోటీలు కూడా జరిగాయి.

మా అక్క కొడుకు ఉద్యోగంలో చేరి ఏడాదయింది. "మామయ్యా, గ్రావెల్ సైకిలు కొనుక్కుంటా" అన్నాడు. మన దేశంలో మధ్యరకం అల్యూమినియం గ్రావెల్ సైకిలంటే ఇంచుమించు లక్ష రూపాయల మాట. అక్క వెంటనే, "ఆ పైసలతో కొత్త బండే వస్తది గదరా!" అంది. చెల్లెలి కాలేజీ ఫీజు కూడా చూసుకోవలసిన ఇల్లు అది. అక్క మాట తీసివేయదగింది కాదు. అబ్బాయి కోరికా చెడ్డది కాదు. సెలవు రోజున ఫోను ముందు కూర్చునే బదులు బయటికి పోతానంటున్నాడు. కనుక ఆ లక్ష పెడితే పదేళ్లు నిలబడే వస్తువు ఏదో చూసి కొనాలి. లేదా కొననే కూడదు.

సిద్దిపేట చుట్టుపక్కల ఇటువంటి సైకిలుకు పనేమిటని అడుగుతారేమో. చాలా ఉంది. చెరువు కట్టలున్నాయి, ఊరికీ ఊరికీ మధ్య బండ్ల బాటలున్నాయి. చంద్లాపూర్ దగ్గర 2020లో నీళ్లు నింపిన రంగనాయక సాగర్, తొగుట వైపు మల్లన్న సాగర్, వాటి కాలువల వెంబడి మొరం దారులు కొత్తగా వచ్చాయి. ఓపిక ఉన్నవారు 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ దేవాలయం దాకా కూడా పోవచ్చును. వెళ్లడానికే 60 కిలోమీటర్లు దాటుతుంది. సగం తారు, సగం మట్టి అయిన ఇటువంటి ప్రయాణానికి పందెపు సైకిలు పనికిరాదు. కొండలెక్కే స్ప్రింగుల సైకిలు తారు మీద బరువనిపిస్తుంది.

ఫ్రేము సంగతి. అల్యూమినియం ఇనుములో మూడో వంతు బరువు తూగుతుంది, తుప్పు పట్టి పొడి కాదు. పాత నల్ల సైకిలు 20 కిలోల పైన ఉంటే ఇది 10 నుండి 12 కిలోలుంటుంది. అయితే బిగువులో కూడా అది ఇనుములో మూడో వంతే. అందుకే దాని గొట్టాలు అంత లావుగా చేస్తారు. కార్బన్ ఇంకా తేలిక గాని ధర మండిపోతుంది, రాయి తగిలితే లోపల చీలినా పైకి తెలియదు. ఒక్క మాట గుర్తుంచుకోండి: అల్యూమినియం ఫ్రేము విరిగితే మన వెల్డింగు షాపులో అతికించరాదు. ఫ్యాక్టరీలో అతికిన తరువాత దానిని కొలత ప్రకారం వేడిచేసి గట్టిపరుస్తారు. షాపులో అతికిన చోట ఆ గట్టిదనం పోతుంది. కనుక పాత ఫ్రేము చవకగా వస్తున్నదంటే అతుకుల దగ్గర వెంట్రుకవాసి చీలిక ఉన్నదేమో వెలుతురులో చూడాలి.

నన్నడిగితే అన్నిటికంటె ముందు చూడవలసింది టైర్లు. మన బాటల మీద సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఎంత ఉంటాయో చెప్పనక్కరలేదు. ఆ పల్లేరు మొక్కకు అమెరికాలో పంక్చరు తీగ అనే పేరు పెట్టుకున్నారంటే అక్కడి సైకిలువాళ్లు ఎంత బాధపడ్డారో ఊహించండి! ఫ్రేములో కనీసం 40 మిల్లీమీటర్ల టైరు పట్టే చోటుండాలి. టైరుకూ ఫ్రేముకూ మధ్య బురద పోయేంత సందు కూడా మిగలాలి. వానాకాలంలో రేగడి బాటలోకి దిగితే ఈ మాట విలువ తెలుస్తుంది. ట్యూబులేని టైర్లలో పోసే ద్రవం చిన్న ముల్లు రంధ్రాలను తనే మూసివేస్తుంది. కాని మన ఎండలకు అది కొన్ని నెలల్లోనే ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. ఆ శ్రద్ధ లేనివారికి మందపాటి టైరు, లోపల ట్యూబు, సంచిలో ఇంకో ట్యూబు మేలు.

దుకాణంవారు చెప్పని సంగతి ఇంకొకటి. మన పాత సైకిలు 28 అంగుళాల టైరూ, ఈ కొత్త 700 సి టైరూ చూడడానికి ఒకే తీరుగా ఉంటాయి. పాతదాని రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, కొత్తదానిది 622. ఒకదాని టైరు ఇంకొకదానికి ఎక్కదు. కనుక పల్లెలో దొరుకుతుందిలే అని బయలుదేరకూడదు. గాలి వాల్వు సన్నదైతే మన పంక్చరు షాపు పంపు దానికి పట్టదు. అందుకు చిన్న ఇత్తడి బిళ్ల ఒకటి అమ్ముతారు, కొని జేబులో వేసుకోవాలి. గాలి కూడా రాయిలా కొట్టించరాదు. 40 మిల్లీమీటర్ల టైరుకు, 70 కిలోల మనిషికి, చదరపు అంగుళానికి 40 పౌన్ల దగ్గర సరిపోతుంది.

గేర్ల సంఖ్య చూసి మోసపోవద్దు. ముందు చిన్న చక్రం పళ్లు, వెనుక పెద్ద చక్రం పళ్లు లెక్కబెట్టండి. వెనుకవి ముందువాటికి సమానంగానో, ఎక్కువగానో ఉంటే సామానుతో కూడా కట్ట ఎక్కవచ్చు. ముందు 30, వెనుక 34 అయితే చాలా మంచిది. బ్రేకులు డిస్కువే తీసుకోవాలి. అందులో నూనెతో నడిచేవి మెత్తగా పట్టుతాయి, కాని వాటికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. తీగతో నడిచేవి సిద్దిపేట మెకానిక్కు కూడా బిగించగలడు. నగరానికి దూరంగా ఉండేవారికి నా ఓటు తీగ బ్రేకుకే.

కొలత తప్పితే ఎంత మంచి సైకిలైనా నడుము నొప్పే మిగులుతుంది. కాళ్ల మధ్య సైకిలు పెట్టుకొని నిలబడితే పై గొట్టానికీ శరీరానికీ మధ్య మూడు నాలుగు వేళ్ల సందుండాలి. సీటు మీద కూర్చుని మడమ కింది పెడలు మీద పెడితే కాలు తిన్నగా చాపబడాలి. ఎదిగే పిల్లవాడికని పెద్ద సైజు కొనే అలవాటు చొక్కాలకు సరే గాని, సైకిలుకు కాదు. ఫ్రేము మీద క్యారియరుకు, మడ్‌గార్డులకు, రెండు మూడు నీళ్ల సీసాలకు మరల రంధ్రాలున్నాయో లేదో కూడా చూడండి. అవి ఉంటే అదే సైకిలు ఆఫీసుకూ, అంగడికీ, దూర ప్రయాణానికీ వస్తుంది. అక్క అడిగిన ప్రశ్నకు కొంతవరకు జవాబు అదే.

చేతిలో ఉన్నదంతా సైకిలుకే పెట్టకుండా పదో వంతైనా పక్కన ఉంచాలి. హెల్మెట్టు, ముందు వెనుక దీపాలు, పంపు, ట్యూబులు అందులో రావాలి. రాజీవ్ రహదారి మీద లారీల వేగం మీకు తెలుసు. పల్లె రోడ్ల మీద కోతల కాలంలో వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనబడవు. ఊరి కుక్కల సంగతి సరేసరి. చీకటి పడకముందే ఇల్లు చేరేటట్లు బయలుదేరమని తల్లులు చెబితే పిల్లలు విసుక్కోకూడదు. రోడ్డు భయం పోయేదాకా సాధన చేయాలనుకునేవారికి హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది.

కొనేటప్పుడు డిరైలరు హ్యాంగరు అనే చిన్న ముక్కను కూడా అదనంగా ఒకటి అడిగి తీసుకోండి. గేరు మార్చే యంత్రం దానికే వేలాడుతుంది. సైకిలు కుడివైపు పడితే ముందు అదే వంగుతుంది. ఫ్రేము దెబ్బతినకుండా కాపాడడానికే దానిని మెత్తగా చేస్తారు. ఒక్కో సైకిలుకు ఒక్కో ఆకారం, ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. సీటు కింది సంచిలో వేసి ఉంచితే సరి.