గాలిలో కూడా అలలుంటాయి!

ఈసారి సైన్సు మూలలో నేను గాలిలో పుట్టే అలల గురించి రాస్తున్నాను.

వాగులో మునిగి ఉన్న బండ మీదుగా నీళ్లు పోతుంటే చూడండి. బండ దాటాక నీళ్లు మడతలు పడతాయి. నీళ్లు పోతూనే ఉంటాయి, మడతలు మాత్రం అక్కడే నిలబడతాయి. గాలి కొండను దాటేటప్పుడు కూడా ఇంతే. కొండ గాలిని పైకి నెడుతుంది. పైకెక్కిన గాలి చల్లబడి చుట్టూ ఉన్న గాలికన్నా బరువవుతుంది. భూమి ఆకర్షణ దాన్ని కిందకు లాగుతుంది. అది మధ్యలో ఆగదు. ఉయ్యాలలాగా ఇంకా కిందకు పోయి మళ్లీ లేస్తుంది. అన్నింటికన్నా త్వరగా ఊగే అలకు కూడా ఒక్క ఊపుకు ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. వీటినే గురుత్వ అలలు అంటారు. 2015లో అంతరిక్షం నుంచి వస్తే పట్టుకున్న గురుత్వ తరంగాలు వేరు, ఇవి వేరు. రెండూ కలిపేయకండి.

"ఉంటే మనకేంటి?" అని కొందరు అడగొచ్చు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, అలలు పెద్దవవుతాయి. చివరకు ఒడ్డున సముద్రపు అల విరిగినట్టు విరిగిపోతాయి. కొండల మీద పుట్టిన అలలు అలా విరిగి, ఆ ఎత్తులో వీచే గాలికి బ్రేకు వేస్తాయి. ఈ బ్రేకును వదిలేస్తే కంప్యూటరు చేసే వాతావరణం లెక్క తప్పుతుంది.

ఎందుకు వదిలేస్తుంది? కంప్యూటరు ఆకాశాన్ని లెక్కల నోటుబుక్కులా గళ్లు గళ్లుగా విడదీస్తుంది. దీన్నే మోడల్ అంటారు. గడి 100 కిలోమీటర్లుంటే ఆ గడికంతా ఒకే ఎత్తు, ఒకే గాలి. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో సౌత్ జార్జియా అనే సన్నటి ద్వీపం ఉంది. పొడవు సుమారు 170 కిలోమీటర్లు. కొండలు 2,900 మీటర్ల దాకా ఉన్నాయి. పెద్ద గళ్లలో ఆ కొండలు చదునైపోతాయి. కొండ లేదు కాబట్టి అల లేదు, బ్రేకూ లేదు. చాలా మోడళ్లలో చలికాలంలో దక్షిణ ధ్రువం పైన గాలి మరీ జోరుగా, మరీ చల్లగా వస్తుంది. అలల బ్రేకు చాలకపోవడం దానికి ఒక కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అక్కడ చలి ఎక్కువ చూపిస్తే ఓజోన్ రంధ్రం లెక్క కూడా తప్పుతుంది కదా!

అందుకే మోడల్‌కు పరీక్ష పెట్టారు. 2015లో ఆ ద్వీపం నుంచి బెలూన్లు ఎగరేసి గాలిని కొలిచారు. 2002లో పంపిన ఆక్వా ఉపగ్రహం పై నుంచి చూసింది. బ్రిటన్ వాతావరణ శాఖ మోడల్‌ను 1.5 కిలోమీటర్ల గళ్లతో నడిపారు. ఉపగ్రహానికి సన్నటి అలలు కనబడవు, మోడల్‌లో మాత్రం ఉంటాయి. ఉన్నదున్నట్టు పోలిస్తే ఒకరికి తెలుగు పేపరు, ఇంకొకరికి లెక్కల పేపరు ఇచ్చి మార్కులు పోల్చినట్టే. అందుకని మోడల్ ఆకాశాన్ని కూడా ఉపగ్రహం కంటికి ఎంత కనబడుతుందో అంతే ఉంచి, అప్పుడు పోల్చారు. నాకు బాగా నచ్చింది ఈ న్యాయమే. ద్వీపం మీది అలల వేళ, దిక్కు చాలావరకు కుదిరాయి. అంటే గళ్లు చిన్నవైతే మోడల్‌కు కొండ కనబడుతుందన్న మాట.

అయితే ఒక్క 100 కిలోమీటర్ల గడిలో 1.5 కిలోమీటర్ల గళ్లు 4,400కు పైగా పడతాయి. భూమి అంతటికీ ఏళ్ల తరబడి అలా లెక్క కట్టడం ఇప్పటికీ చాలా కష్టం. కనుక బ్రేకును ఒక సూత్రంతో అంచనా కడతారు. ఆ సూత్రం సరైనదో కాదో ఇలాంటి పరీక్షలే తేలుస్తాయి.

మన తెలుగు నేల మీద, తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 ఏంటెనాల రాడార్ ఉంది. అది కూడా ఈ అలలను కొలుస్తుంది.

కొండ పైన మబ్బులు దున్నిన చాళ్లలాగా వరసగా కనబడితే అవి ఈ అలలే కావచ్చు. చూసినవాళ్లు తారీఖు, టైము, గాలి ఎటు వీస్తోందో రాసి నాకివ్వండి. వచ్చే సంచికలో పట్టిక వేద్దాం.