చెరకులో కణజాల వర్ధనం – ఆరోగ్యకరమైన విత్తనం

చెరకు ముచ్చెల ద్వారా వ్యాప్తి చెందే పంట. కావున గడ్డిదుబ్బు, పసుపు ఆకు తెగుళ్లు విత్తనంతోపాటే కొత్త తోటకు చేరుతాయి. 1913లో ఏర్పడిన అనకాపల్లి పరిశోధనా కేంద్రం రూపొందించిన 87ఎ298 వంటి మేలైన రకానికైనా, తెగులు సోకిన విత్తనం వాడితే క్షీణత తప్పదు.

కొనమొగ్గలోని విభాజ్య కణజాలంలో నాళికలు ఏర్పడి ఉండవు. అందువల్ల వైరస్ చేరే అవకాశం స్వల్పం. ఈ భాగాన్ని సూక్ష్మజీవరహితంగా వేరుచేసి, మురాషిగే, స్కూగ్ 1962లో రూపొందించిన పోషక యానకంలో వర్ధనం చేస్తారు. సైటోకైనిన్ పిలకలను, ఆక్సిన్ వేర్లను ప్రేరేపిస్తాయి. పిదప మొక్కలను నీడగృహంలో బయటి వాతావరణానికి అలవాటు చేస్తారు.

కాలస్ ద్వారా పెంచితే రకపు లక్షణాలు మారవచ్చు. తల్లిమొక్కను పరీక్షించకపోతే తెగులే వేల మొక్కలుగా వృద్ధి చెందుతుంది. కనుక పరీక్షించిన మొక్కలతో మూలవిత్తన తోట పెంచి, దాని ముచ్చెలనే రైతులకు అందించాలి.