ఉన్ని దువ్వడం నుంచి వేధింపు దాకా.. ‘టీజింగ్’ కథ

బస్టాండ్ల వద్ద, కళాశాలల పరిసరాల్లో తరచుగా వినిపించే ఆంగ్ల పదం ‘టీజింగ్’. ఆకతాయిలు పట్టుబడినప్పుడు ‘ఏదో సరదాకు టీజ్ చేశాం’ అని తప్పించుకోజూడటమూ మామూలే. ఇంతకీ ఈ మాట ఎక్కడ పుట్టింది? దాని అసలు అర్థమేమిటి?

ప్రాచీన ఆంగ్లంలో ‘టేసన్’ అనే క్రియ ఉండేది. చిక్కుపడిన ఉన్నిని పోగుపోగుగా లాగి విడదీయడమని దాని అర్థం. అదే కాలక్రమంలో ‘టీజ్’గా మారింది. ఉన్ని బట్టపై నూగు లేపేందుకు వాడిన ముళ్ల మొక్కకు ‘టీజిల్’ అన్న పేరూ ఈ మూలం నుంచే వచ్చింది. 17వ శతాబ్దం ఆరంభానికి ఈ పదం మనుషులకూ వర్తించింది. మాటలతో పదేపదే గుచ్చి విసిగించడం, ఆటపట్టించడం అనే అర్థం స్థిరపడింది.

తెలుగులోనూ ఇటువంటి పోలిక ఉంది. దూదిని వడకడానికి అనువుగా విడదీయడాన్ని ‘ఏకడం’ అంటారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకడం ప్రసిద్ధం. ఎవరినైనా తీవ్రంగా విమర్శిస్తే ‘ఏకిపారేశారు’ అనడం వాడుక.

భారతీయ ఆంగ్లంలో దీనికి మరో రూపం ‘ఈవ్ టీజింగ్’. ఈవ్ బైబిలులోని తొలి స్త్రీ. తెలుగు బైబిలులో ఆమె పేరు హవ్వ. నేరాన్ని చిలిపి చేష్టగా చూపే మాట ఇదన్న విమర్శ చాలాకాలంగా ఉంది. తమిళనాడు 1998లో ఇదే పేరుతో నిషేధ చట్టం తెచ్చి, తర్వాత దానిని మహిళల వేధింపు నిషేధ చట్టంగా మార్చింది. వాస్తవ తీవ్రతను తగ్గించి చెప్పే పదమిదని సుప్రీంకోర్టు సైతం 2012లో ఒక తీర్పులో పేర్కొంది.

2013లో భారత శిక్షాస్మృతిలో 354ఎ సెక్షన్ చేర్చి లైంగిక వేధింపును ప్రత్యేక నేరంగా నిర్వచించారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 75వ సెక్షన్. దీని ప్రకారం మహిళలపై లైంగికపరమైన వ్యాఖ్యలు చేస్తే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అనుచితంగా తాకితే మూడేళ్ల వరకు కఠిన శిక్ష పడవచ్చు. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో ప్రారంభమైన ‘షీ టీమ్స్’ ఉద్దేశమూ ఇటువంటి వేధింపుల నివారణే.

మిత్రులు పరస్పరం నవ్వుకునే పరిహాసం వేరు. ఎదుటివారు వద్దంటున్నా సాగించేది వేధింపే. దానికి ‘టీజింగ్’ అని పేరు పెట్టినంత మాత్రాన నేరం సరదా కాబోదు. బాధితులు 181 మహిళా సహాయ కేంద్రానికి, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయవచ్చు.