వుజూ నీటికీ లెక్క ఉంది

గత వేసవిలో మా మదరసా బోరుబావి దాదాపు ఎండిపోయింది. వుజూకు, వంటకు, స్నానాలకు నీరు చాలదన్న భయంతో మేము చేసిన మొదటి పని, ప్రహరీ వెలుపల ఇరుగుపొరుగు వారి కోసం ఎన్నో ఏళ్ళుగా ఉన్న కుళాయిని మూసివేయడం. బిందెలతో వచ్చిన స్త్రీలలో ముస్లిములూ ఉన్నారు, ముస్లిమేతరులూ ఉన్నారు. అందరూ మౌనంగా వెనుదిరిగారు. విద్యార్థుల మేలు కోసమే కదా అని మేము మనసుకు సర్దిచెప్పుకున్నాము.

ఆ వారమే హదీసు పాఠంలో, అవసరానికి మించిన నీటిని ఇతరులకు ఇవ్వకుండా ఆపరాదన్న దైవప్రవక్త (స) ఆదేశం వచ్చింది. సహీహ్ బుఖారీలో ఉన్న హదీసు అది. అర్థం వివరించి ముందుకు సాగబోతుండగా ఒక పన్నెండేళ్ళ విద్యార్థి లేచి నిలబడ్డాడు. "హజ్రత్! మన వుజూఖానా నుండి కాలువలోకి పోతున్నది మిగులు నీరు కాదా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ళ బోధనానుభవం మాకు ఆ క్షణాన ఏ జవాబునూ అందించలేదు.

ఆ సాయంత్రం అసర్ వేళ కుళాయి కింద బకెట్ పెట్టి చూశాము. ఒక్క విద్యార్థి వుజూ ముగిసేసరికి బకెట్ సగం దాటింది. మా వుజూకూ అంతే పట్టింది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సాఅ్ నీటితో గుసుల్ చేసేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. ముద్ అంటే రెండు చేతులూ కలిపి పట్టిన దోసెడు. ఎక్కువలో ఎక్కువ లెక్కించినా సుమారు ఒక లీటరు. సాఅ్ అంటే నాలుగు ముద్‌లు. ఈ కొలతలను మేము ఏటేటా బోధిస్తూనే ఉన్నాము, కుళాయిలు మాత్రం పారుతూనే ఉన్నాయి!

పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో దుబారా కూడదని హజ్రత్ సఅద్ (రజి)కు చేసిన హితబోధ ఇబ్నె మాజాలో ఉంది. హదీసువేత్తలు దాని పరంపరపై చర్చించినా, భావం మాత్రం దివ్య ఖుర్ఆన్‌కు అనుగుణమైనదే. తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్నది సూరహ్ అఅరాఫ్ బోధ. నీరు భూగర్భంలోకి ఇంకిపోతే మీకు ఊటనీటిని ఎవరు తెచ్చిపెడతారని సూరహ్ ముల్క్ చివరి ఆయత్ ప్రశ్నిస్తుంది. రాత్రివేళ ఆ సూరహ్‌ను పఠించి నిద్రించే మనకు, ఎండిన బోరుబావి దాని వ్యాఖ్యానంలా కనిపించవద్దా?

మానవుడు భూమిపై ఖలీఫా, అంటే ప్రతినిధి. యజమాని కాడు. ప్రతినిధి చేతిలోనిది అమానతు. దానికి లెక్క చెప్పవలసి ఉంటుంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమహ్ బావిని తన సొమ్ముతో కొని ప్రజలందరికీ అంకితం చేశారు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఒక తరం కట్టిన జలాశయాల నీటిని తరువాతి తరాలు త్రాగాయి. మన తరువాత వచ్చేవారికి మనం ఏమి మిగులుస్తున్నాము?

మరుసటి శుక్రవారం నుండి మా వుజూఖానాలో కుళాయిల వద్ద లోటాలు పెట్టాము. వాడిన నీటిని చిన్న కాలువ ద్వారా జామ, వేప చెట్లకు మళ్ళించాము. ఇంటి కప్పుపై పడే వాననీటి కోసం విద్యార్థులే ఇంకుడు గుంత తవ్వారు. వెలుపలి కుళాయిని ఫజ్ర్ తర్వాత ఒక గంట తెరిచాము. మూసిన నాడు వెనుదిరిగిన వృద్ధురాలిని కలిసి, తప్పు మాదేనని చెప్పాము. ఆమె నవ్వి బిందె నింపుకొని వెళ్ళింది.

సోదర సోదరీమణులారా! ఈ పని చేయడానికి మదరసాయే కానవసరం లేదు. బియ్యం కడిగిన నీరు ఒక మొక్కను బ్రతికిస్తుంది. ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషి గాని, పశువు గాని, పక్షి గాని తింటే అది అతనికి సదఖాగా వ్రాయబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఈ రోజు మీ పిల్లలతో కలిసి ఒక్కసారి కుళాయి కింద బకెట్ పెట్టి వుజూ చేసి చూడండి. ప్రళయదినాన చూపబడే లెక్కను ఇక్కడే చూసుకోవడం మేలు.

అల్లాహ్ మనందరికీ ఆయన అమానతును కాపాడే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.