కాకతీయుల నాటి ప్రసూతిశాల

దేహబాధకు రాజు, పేద యను భేదము లేదు. కాని వైద్యుని రప్పించుకొను శక్తి మాత్రము అందరికిని ఒక్కరీతిగ నుండదు. కావుననే, పల్లెప్రజలకు సైతము వైద్యము లభించునట్లు చేయుట ఉత్తమ ప్రభువుల లక్షణముగా ఎన్నబడినది. అట్టి సత్కార్య మొకటి కాకతీయుల కాలమున తెలుగునేలపై జరిగినది.

గుంటూరు జిల్లాలో కృష్ణానదికి దక్షిణమున, మందడము, వెలగపూడి గ్రామముల చెంత మల్కాపురమను చిన్న పల్లె కలదు. అచ్చటి శిలాస్తంభముపై క్రీ.శ. 1261 నాటి శాసనము చెక్కబడియున్నది. ఓరుగల్లు రాజధానిగా ఏలిన గణపతిదేవునకు విశ్వేశ్వర శివాచార్యుడను గౌడదేశీయుడు గురువు. ఆ గురువునకు గణపతిదేవుడు మందడమును దానముగా సంకల్పించెను. ఆయన కుమార్తె రుద్రమదేవి వెలగపూడిని గూడ చేర్చి ఆ దానమును నెరవేర్చెను.

శివాచార్యుడు ఆ సంపదను తన సుఖమునకు వినియోగించుకొనలేదు. ఆలయముతోపాటు మఠమును, పాఠశాలను, అన్నసత్రమును నెలకొల్పెను. కులభేదము లేక ఆకలిగొన్న వారందరికిని అన్నము పెట్టవలెనని నియమించెను. రోగులకు ఆరోగ్యశాలను, గర్భవతులకు ప్రసూతిశాలను ఏర్పరచి, వైద్యునకు జీవనాధారము కల్పించెను. ఒకనాటి దానము ఆనాటితోనే తీరిపోవును. భూమిపై వచ్చు ఆదాయము ఏటేట అందుచుండును. వైద్యుడు రోగి యిచ్చు ధనమునకై ఎదురుచూడ నక్కరలేదు. ఈ యేర్పాటులోని వివేకమిదియే.

ప్రసూతికి వేరుగా ఒక శాల ఏల? కాన్పు స్త్రీకి పునర్జన్మ యని మన పెద్దలందురు. అధిక రక్తస్రావము వలనను, సూతికాజ్వరము వలనను పూర్వము ఎందరో తల్లులు మరణించెడివారు. అందుచేత తొమ్మిదవ నెలకు ముందే సూతికాగృహమును సిద్ధపరుపవలెనని చరకసంహిత చెప్పుచున్నది. కాన్పు చేయుటలో నేర్పుగల నలుగురు పెద్ద వయసు స్త్రీలు, గోళ్ళు తీసికొనినవారై, గర్భిణికి పరిచర్య చేయవలెనని సుశ్రుతసంహిత విధించినది.

గోళ్ళు తీసికొనుట స్వల్పవిషయమని తలపరాదు. గోళ్ళ సందున మురికి చేరును. మురికిలో కంటికి కానరాని సూక్ష్మజీవులుండును. అవి పచ్చి బాలింత గర్భాశయమున ప్రవేశించినచో సూతికాజ్వరము కలుగును. సూక్ష్మజీవుల సంగతి ప్రాచీనులకు తెలియదు. అయినను శుభ్రత యొక్క విలువను వారు గుర్తించిరి. 1847లో వియన్నా నగరపు వైద్యశాలలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు, శవములను పరీక్షించిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేయుచుండుటను గమనించెను. క్లోరిన్ కలిసిన సున్నపు నీటితో చేతులు కడుగుకొన్న పిమ్మటనే గర్భిణులను ముట్టవలెనని ఆయన ఆజ్ఞాపింపగా, తల్లుల మరణములు మిక్కిలి తగ్గెను. అట్లయ్యును, నాటి వైద్యులలో పెక్కుమంది ఆయన మాటను నమ్మరైరి.

1323లో కాకతీయ సామ్రాజ్యము అంతరించెను. మల్కాపురపు వైద్యశాలలు కాలగర్భమున కలిసెను. శాసనము మాత్రము మిగిలినది. రాయి తనంతట తాను నిలుచును. వైద్యశాల నిలుచుటకు తరతరముల వారి పోషణ కావలెను. 1959లో వరంగల్లున స్థాపితమైన వైద్యకళాశాల నేడు కాకతీయుల పేరును ధరించియున్నది. గ్రామములను దానమిచ్చి శాసనములు వేయించుట రాణులకే చెల్లును. గోళ్ళు తీసికొని, చేతులు కడుగుకొని, ఇంటనున్న బాలింతను, పసిబిడ్డను కాపాడుట ఎల్లరకును సాధ్యమే.